రోలరుకేం తెలుసు రెక్క కింద నొప్పి

రంపచోడవరంలో కుట్టుమిషన్ మీద వంగి బతికేవాణ్ణి. మెడ కుడిపక్క పట్టేస్తుంది, పండగల ముందు మరీను. మా అబ్బాయి రాజమండ్రి నుంచి మసాజ్ గన్ తెచ్చాడు. పిక్కల మీద హాయిగానే ఉంటుంది, కాదనను. మెడ దగ్గరికొస్తే మాత్రం ఎముకకీ కండకీ తేడా తెలియదు దానికి.

మాల్‌లో కుర్చీ సంగతీ అంతే. రోలర్లు వెన్ను పక్కన ఎక్కి దిగుతాయి, గాలి సంచులు పొంగి నొక్కుతాయి. టైము అయిపోతే ఆగిపోతాయి, నొప్పి ఉన్నా సరే.

మా వీధిలో ఇప్పనూనె గోరువెచ్చ చేసి రుద్దే ముసలమ్మ ఉంది. భుజం తడిమి, "ఇక్కడ కాదురా అబ్బాయ్, రెక్క కింద" అంటుంది. సరిగ్గా అక్కడే బొటనవేలు ఆనించి, నేను ఊపిరి వదిలేదాకా తియ్యదు. పక్కింటాయన పిక్క ఒకటే వాచి వేడిగా ఉంటే ముట్టుకోలేదు, ఆస్పత్రికి పొమ్మంది. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే రుద్దడం ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టర్లు చెప్పేదీ అదే. గన్నుకి ఆ అనుమానం రాదు.

అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో పాత నడుంనొప్పి ఉన్న 401 మందిపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. మామూలు వైద్యం కన్నా చేతి మసాజ్ చేయించుకున్నవాళ్లు 10 వారాలకి బాగా తేలికపడ్డారు. ఏడాదికి ఆ తేడా తగ్గిపోయింది. చెయ్యీ మంత్రదండం కాదన్నమాట.

గన్నుకి అడిగినంతా పోస్తాం, ముసలమ్మకి యాభై ఇవ్వడానికి బేరమాడతాం. నాకు ఒళ్లు మండేది అక్కడే.