ఆట ఎవరి సొత్తు?

కొత్తపేటలో ఒక అమ్మాయి కొత్త ఆట కనిపెట్టిందనుకుందాం. హైదరాబాదులోని ఆ పేటలో చాలా ఏళ్ళపాటు పెద్ద పండ్ల మార్కెట్టు ఉండేది. తరవాత దాన్ని బాటసింగారానికి తరలించారు. ఆ అమ్మాయి అట్ట మీద పాత మార్కెట్టు బొమ్మ గీసి, గవ్వలు వేసి మామిడిపళ్ళ బుట్టలు దిల్‌సుఖ్‌నగర్ చేర్చే ఆట తయారుచేసింది. దానికి "పండ్ల బండి" అని పేరు పెట్టింది. వీధి పిల్లలంతా ఎగబడి ఆడారు. అప్పుడామెకు దిగులు పట్టుకున్నది: "రేపు ఎవరైనా దీన్ని తమదని అమ్ముకుంటే ఎట్లా?"

ఆ దిగులులో న్యాయం లేకపోలేదు. అమెరికాలో లిజీ మేగీ అనే ఆమె, స్థలాలు కొని అద్దెలు వసూలుచేసే ఆట ఒకటి కనిపెట్టి, 1904లో పేటెంటు పొందింది. ఆ ఆట చేతులు మారుతూ, రూపం మారుతూ వచ్చింది. 1935లో చార్లెస్ డారో అనే అతను అటువంటి ఆటనే "మొనోపలీ" అనే పేరుతో పార్కర్ బ్రదర్స్ కంపెనీకి అమ్మి ధనవంతుడయాడు. ఆ కంపెనీ మేగీ పేటెంటును 500 డాలర్లకు కొనివేసింది!

మన దేశంలోనైతే ఆట ఆడే పద్ధతికి పేటెంటే ఇవ్వరు. 1970 నాటి పేటెంట్ల చట్టంలో ఆ సంగతి స్పష్టంగా ఉన్నది. ఇది అన్యాయమంటారా? ఒక్క క్షణం ఆలోచించండి. గవ్వలు వేసి కాయలు నడపటం మన అమ్మాయి ఎక్కడ నేర్చుకున్నది? అష్టాచెమ్మాలో. ఆ పద్ధతి ఏ ఒక్కరి సొత్తో అయి ఉంటే, "పండ్ల బండి" పుట్టేదే కాదు. అందుచేత ఆలోచన అందరిదీ.

మరి చట్టం దేన్ని కాపాడుతుంది? ఆమె గీసిన బొమ్మనూ, సొంత మాటల్లో రాసిన నియమాలనూ కాపాడుతుంది. దీన్ని కాపీరైటు అంటారు. గీసిన క్షణం నుంచీ అది ఆమెదే. ఆమె జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్ళూ ఉంటుంది. "పండ్ల బండి" అనే పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించవచ్చు. దాన్ని 10 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. కాయలను కొత్త ఆకారంలో చేయిస్తే, దాన్ని డిజైనుగా నమోదు చేయించవచ్చు. అయితే ఆ పని నలుగురికీ చూపకముందే చెయ్యాలి.

2008లో ఢిల్లీ హైకోర్టుకు ఇటువంటి తగాదాయే వచ్చింది. కలకత్తాకు చెందిన అగర్వాలా సోదరులు ఇంటర్నెట్టులో "స్క్రాబులస్" అనే మాటల ఆట పెట్టారు. అది తమ "స్క్రాబుల్" ఆటేనని మాటెల్ కంపెనీ దావా వేసింది. కోర్టు తన మధ్యంతర ఉత్తర్వులో, ఆట పలకకూ, నియమాలకూ కాపీరైటు లేదన్నది. కాని జనం పొరపడేటంత దగ్గరి పేరు వాడరాదన్నది. తరవాత ఆ ఆట "లెక్సులస్" అయింది.

కనుక ఆట కనిపెట్టిన పిల్లలు చెయ్యవలసిన పని ఇది: బొమ్మలు స్వయంగా గీయండి, నియమాలు సొంత మాటల్లో రాయండి, తేదీ వెయ్యండి, ఎవరూ వాడని పేరు పెట్టండి. ఏ కంపెనీకైనా చూపేముందు, ఇంట్లో పెద్దలకు చెప్పి కాగితం రాయించుకోండి. ఇక వీధిలో స్నేహితులతో ఆడుకోవటానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు!