కుక్కపిల్లను తల్లి నెప్పుడు విడదీయవలయును?

చిత్తకార్తెలో ఊరకుక్కలు జతకట్టుట మనమందఱ మెఱిగినదే. అటుపిమ్మట ఇంచుమించు 63 దినములకు, అనగా ధనుర్మాసారంభమున, గడ్డివాముల చాటునను కళ్లముల ప్రక్కనను పిల్లలు పుట్టును. సంక్రాంతి నాటికి అవి కండ్లు తెఱచి, బొద్దుగా పెరిగి, తప్పటడుగులు వేయుచు చూడ ముచ్చటగా నుండును. పండుగకు వచ్చిన బిడ్డలు ఒక్కొక్కదానిని చంకబెట్టుకొని యింటికి తెత్తురు. పెద్దలును "చిన్ననాడు తెచ్చినదే విశ్వాసముగా నుండును" అని యూరకుందురు. ఈ పద్ధతి తప్పని నా యభిప్రాయము. సంక్రాంతికి తెచ్చు పిల్లను శివరాత్రికి తెచ్చుకొనవలయును.

కుక్క రైతునకు ఆటవస్తువు గాదు. వేరుసెనగ చేనిలో అడవిపందిని తఱుముటకును, రాత్రివేళ మందను కాచుటకును, కొట్టములో దొంగ యడుగు వినుటకును దానిని పెంచుచున్నాము. పది పండ్రెండేండ్లు మనతో నుండు ప్రాణిని నాలుగు వారముల తొందరచేత చెడగొట్టుకొనుట యేల?

ఈ మాట నేను పుస్తకములు చూచి మాత్రమే వ్రాయుట లేదు. కొన్ని యేండ్ల క్రిందట ప్రదర్శన క్షేత్రములోని వేరుసెనగకు పందుల బాధ మిక్కుటముగా నుండగా, నెల నిండని పిల్ల నొకదానిని నేనే తెప్పించితిని. ఆవుపాలు పోసి పెంచితిమి. మొదట విరేచనములతో చిక్కి శల్యమై, తుదకు బ్రతికినది. బ్రతికి యేమి సుఖము? ఆటలో చేయి పట్టిన వదలదు. గిన్నె దగ్గఱకు వచ్చినవానిపై ఉఱుకును. గాలికి ఆకు కదలిన తెల్లవార్లు మొఱుగును. పంది వచ్చినప్పుడు మాత్రము మంచె క్రింద దూరును. ఒకనాడు కాపలావాని కూతురు, ఏడేండ్ల పిల్ల, దాని ముందు పడిన రొట్టెముక్కను తీయబోగా ముంజేతిని లోతుగా కఱచినది. గాయమును సబ్బుతో కడిగి, ఆ బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోయి, సూదుల కొఱకు మరల మరల తిరిగిన దినములలోనే ఈ సంగతిని విచారింప మొదలిడితిని. దాని దుర్గుణము లన్నిటికిని ఇదియొక్కటియే కారణమని చెప్పజాలను. కాని దానికి బుద్ధి గఱపవలసిన గురువుల యొద్దనుండి దానిని ముందుగా లాగికొని వచ్చినవాడను నేనే.

ఆ గురువు లెవరు? తల్లియు, తోడబుట్టిన కూనలును. కుక్కపిల్ల పుట్టిన 10 మొదలు 14 దినములకు కండ్లు తెఱచును. మూడవ వారమున చెవులు వినవచ్చును. పాలపండ్లు మొలచుట ఆరంభమగును. అంతవఱకు పాలు త్రాగి నిద్రించుటయే దాని పని. అసలు చదువు అటుతరువాతనే. పిల్లలు ఒకదాని చెవి నొకటి కొఱుకును. గట్టిగా కొఱికినయెడల కఱవబడినది కుయ్యోమని యఱచి ఆట మాని తొలగిపోవును. కొఱికినది ఒంటిగా నిలిచిపోవును. ఇట్లు నూఱుసారులు జరిగిన పిమ్మట పంటికి ఎంత బలము పెట్టవలయునో దానికి తెలియును. పండ్లు గ్రుచ్చుకొనిన తల్లి లేచి నడచిపోవును, లేదా గుఱ్ఱుమని యదలించును. కోపమును ఓర్చుకొనుట యచ్చటనే నేర్చును. ఈ పాఠము నాలుగవ వారము మొదలు ఎనిమిదవ వారము వఱకు ముమ్మరముగా సాగును. మనము సరిగా బడి తెఱచిన దినముననే బిడ్డను బడి మాన్పించుచున్నాము.

2011లో ఇటలీ దేశపు పరిశోధకులు 30 మొదలు 40 దినముల లోపల తల్లిని విడిచిన కుక్కలను, రెండు మాసములకు విడిచినవానితో పోల్చి చూచిరి. ముందుగా విడిచినవానియందు భయము, అతిగా మొఱుగుట, తిండిని చేరనీయకుండుట హెచ్చుగా కనబడెను. నా కుక్క చరిత్రయే చదువుచున్నట్లుండెను. ఆహార విషయము చెప్పనక్కఱలేదు. కుక్కపాలలో మాంసకృత్తులును క్రొవ్వును ఆవుపాలకంటె ఇంచుమించు రెట్టింపుండగా, మనవారు ఆవుపాలలో సైతము నీరు కలిపి పోయుదురు! మన దేశమున కుక్కల పెంపకము, అమ్మకములను గూర్చి 2017లో ఏర్పడిన నిబంధనలును ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదనియే చెప్పుచున్నవి.

ఆలసించిన పిల్ల మనుష్యులకు మాలిమి కాదని కొందఱందురు. ఈ భయము కేవలము నిరాధారము గాదు. 1961లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో, 14 వారముల వఱకు మనుష్యస్పర్శ యెఱుగని పిల్లలు అడవి మృగములవలె బెదరినవి. కాని ఎనిమిది వారములకును పదునాలుగు వారములకును ఎంతయో యెడ మున్నది. పిల్లను కోరినవారు మూడవ వారము మొదలు దినమున కొకమాఱు దాని యున్నచోటికే పోయి, ఎత్తుకొని నిమిరి వచ్చిన చాలును. దానికి మనమును తెలియుదుము, తల్లియు దూరము కాదు.

గొఱ్ఱెల కాపరుల వాదము వేఱు. కండ్లు తెఱచునాటికే పిల్ల మందలో నుండవలెనని వారందురు. 1833లో డార్విను పండితుడు దక్షిణ అమెరికాలో ఇట్టి యాచారమునే చూచెను. పసికూనను తల్లినుండి వేఱుచేసి, దినమునకు మూడు నాలుగుసారులు గొఱ్ఱెపాలు కుడిపించి, ఉన్ని పఱచి దొడ్డిలోనే పెంచెడివారట. వారి పని సాగినది, కాదనను. అయినను 1970 తరువాత అమెరికాలో కాపరి కుక్కలను రైతుల కిచ్చినవారు ఎనిమిది వారముల యీడు పిల్లలను మందలో విడిచియు మంచి ఫలితములను పొందిరి. అందుచేత కాపరులు సైతము కనిపెట్టుకొని యుండవచ్చును. పండ్రెండు వారములు మాత్రము దాటనీయరాదు.

మిగిలిన చిక్కు ఒక్కటే. వీధికుక్క కెవరు తిండి పెట్టుదురు? పాలిచ్చు కుక్కకు మామూలుకంటె రెండు మూడింతలు ఆహారము కావలెను. తల్లి యెండిన పిల్ల లెండును. రోడ్డుప్రక్క పిల్లలు బండ్ల క్రింద బడుటయు కలదు. ఇదియే సహకార పద్ధతికి తగిన పని. పిల్లలను కోరిన నాలుగైదు కుటుంబములవారు వంతులు వేసికొని తల్లికి కూడు పెట్టవలయును. రోడ్డుకు ఎడముగా ఒక చాటు చూపవలయును. ఏలికపాములు తల్లి గర్భమునుండియు పాలనుండియు పిల్లలకు సంక్రమించును గనుక, రెండవ వారము మొదలు పశువైద్యుని నడిగి మందు పోయింపవలయును. పార్వో మొదలగు వ్యాధులకు మొదటి టీకా ఆఱు మొదలు ఎనిమిది వారముల నడుమ, మూడు మాసములు నిండగానే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించవలెను. తల్లి చచ్చినయెడల పిల్లలను పంచుకొనక, ఒక్కచోటనే కలిపి పెంచుట మేలు.

మన సంఘపు ఎరువుల గిడ్డంగి వెనుక క్రిస్మసు మఱునాడు ఒక కుక్క అయిదు పిల్లలను పెట్టినది. వానికి ఎనిమిది వారములు ఫిబ్రవరి 20వ తేదీకి నిండును. నాలుగు కుటుంబములవారు పేర్లు చెప్పి, వంతులకు కూడు తెచ్చుచున్నారు. అయిదవ పిల్ల కింకను ఎవ్వరును రాలేదు.