కొలిమిలో పెచ్చులై రాలుతున్న సంపద

దేశంలో రైళ్లు పరుగులు తీసే పట్టాలలో అత్యధిక భాగం భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైనవే. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఈ కర్మాగారం, నేడు 130 మీటర్ల పట్టాను అతుకు లేకుండా ఒకే ముక్కగా తీయగల స్థాయికి చేరింది. ఛత్తీస్‌గఢ్‌కు గర్వకారణమైన ఈ కర్మాగారంతో సహా ఉక్కు మిల్లులన్నింటినీ వెన్నాడే నష్టం ఒకటుంది. అది గాలిలోని ఆక్సిజన్ వసూలు చేసే సుంకం.

ఉక్కు దిమ్మెను పట్టాగా సాగదీయాలంటే ముందుగా రీహీటింగ్ ఫర్నేస్‌లో సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వరకు కాచాలి. ఆ వేడిలో ఉక్కు ఉపరితలం ఆక్సిజన్‌తో కలిసి నల్లని పెచ్చు కడుతుంది. మిల్లుల్లో దీనిని స్కేల్ అంటారు. తుప్పు పట్టడానికి తేమ కావాలి, కాలం కావాలి. స్కేల్‌కు గాలి, వేడి ఉంటే చాలు, గంటల్లోనే ఏర్పడుతుంది. కొలిమిలోకి వెళ్లిన ఉక్కులో సాధారణంగా ఒకటి నుంచి రెండు శాతం ఇలా రాలిపోతుందని పరిశ్రమ వర్గాల అంచనా. శాతంగా చూస్తే ఇది స్వల్పమే. కానీ పది లక్షల టన్నులు కాచే మిల్లులో ఒక్క శాతమంటే పది వేల టన్నులు.

రాలిన పెచ్చులో నూటికి 70 పాళ్లకు పైగా ఇనుమే కనుక దానిని సింటర్ ప్లాంటుకు పంపి తిరిగి వాడుకుంటారు. అయితే ఖనిజం నుంచి ఇనుమును విడదీయడానికి ఒకసారి ఖర్చయిన బొగ్గు, ఆ పెచ్చు కోసం మరోసారి ఖర్చవుతుంది. మన ఉక్కు పరిశ్రమ వాడే కోకింగ్ బొగ్గులో అధిక భాగం దిగుమతి సరుకేనన్నది గమనార్హం.

నష్టం బరువుతోనే ఆగదు. అధిక పీడనంతో నీటిని చిమ్మి పెచ్చును వదలగొడతారు. పూర్తిగా వదలనిది రోలర్ల కింద లోహంలోకి నొక్కుకుపోయి పట్టాపై గుంటలు, మచ్చలు మిగులుస్తుంది. పైగా పట్టాకు గట్టిదనాన్నిచ్చే కర్బనం కూడా కొలిమి వేడికి ఉపరితలం నుంచి కొంత కాలిపోయి పైపొర మెత్తబడుతుంది. రైలు చక్రం ఒరుసుకునేది ఆ పొరనే.

విమాన ఇంజన్లలో వాడే టైటానియం మిశ్రలోహాలకూ ఆక్సిజనే శత్రువు. హైదరాబాద్‌లోని మిధాని వంటి సంస్థలు ఉత్పత్తి చేసే ఈ లోహాలను సుమారు 600 డిగ్రీలకు మించి గాలిలో కాచినప్పుడు, ఆక్సిజన్ పైన పెచ్చు కట్టడంతో ఆగక లోపలికి ఇంకి, పైపొరను పెళుసుగా మారుస్తుంది. దానిని చెక్కి గానీ, ఆమ్లంతో గానీ తొలగించవలసిందే. ఖరీదైన లోహం కనుక అక్కడ గ్రాములకు సైతం లెక్క ఉంటుంది. చౌక అన్న భావనతో ఉక్కు విషయంలో ఆ జాగ్రత్త సడలడానికి వీల్లేదు.

పెచ్చు పెరిగే తీరు శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. కాలం నాలుగు రెట్లయితే మందం సుమారు రెండింతలవుతుంది. వేడి పెరిగితే ఆ వేగం ఇంకా హెచ్చుతుంది. కాబట్టి నివారణ మార్గాలు స్పష్టమే. మిల్లు నిలిచిపోయినప్పుడు కొలిమి వేడిని తగ్గించాలి. దిమ్మెలను అవసరానికి మించి లోపల ఉంచరాదు. ఇంధనానికి తగినంత గాలినే అందించాలి. గాలి మరీ తగ్గితే ఇంధనం పూర్తిగా మండక వృథా అవుతుంది కనుక, కొలిమిలోని ఆక్సిజన్‌ను ఎప్పటికప్పుడు కొలిచే పరికరాలు తప్పనిసరి. వీటికి కొత్త కర్మాగారం కట్టనవసరం లేదు. క్రమశిక్షణ చాలు.

భిలాయిని దశాబ్దాలుగా పోషించిన దల్లీ-రాజహరా గనుల్లో నిల్వలు తరిగిపోవడంతో రావ్‌ఘాట్ కొండల వైపు చూడవలసి వచ్చింది. సొంత ఇనుప గనులు లేక బైలదిల్లా ఖనిజాన్ని కొనుక్కుంటున్న విశాఖ ఉక్కు కర్మాగారానికి రాలిపోయే ప్రతి టన్ను మరింత భారం. కొత్త గనుల కోసం అడవులను, గిరిజన గ్రామాలను కదిలించే ముందు, తవ్వి తెచ్చిన ఇనుమును కొలిమిలో కాపాడుకోవడం కనీస బాధ్యత.