గోనెసంచుల్లో జావా బండి, అటక మీద నా ఫ్రేము

ఉతకబోయే ముందు చొక్కా జేబులు వెతకడం మనందరికీ అలవాటే కదా. కిందటేడు దసరా ముందు అలా వెతుకుతుంటే మా ఆయన జేబులో ఒక కొరియర్ రసీదు దొరికింది. బెంగళూరు నుంచి రెండు సైలెన్సర్లు, ఏడు వేల చిల్లర. "మనకున్నది ఒక్క స్కూటీ, దానికి రెండు సైలెన్సర్లు ఎందుకండీ?" అని అడిగాను. ఆయన కాసేపు నేలచూపులు చూసి, "నాన్న బండికి" అన్నారు.

నాన్న బండి అంటే అప్పటికి బండి కాదు. గద్వాలలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో మూడు గోనెసంచుల సామాను, ఒక చట్రం, తుప్పు పట్టిన ట్యాంకు. పాతికేళ్ళ కిందట మామయ్య పోయాక, బాగుచేస్తానని ఒక మెకానిక్ ఇంజను విప్పి, మళ్ళీ బిగించకుండానే ఊరు విడిచి పోయాడట. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ సంచుల్ని పక్కకు జరిపి ఊడవడం నా పని. "పాత ఇనుప సామాన్ల వాడికి వేసేద్దాం" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

అది మామయ్య 1972లో కొన్న జావా. చెకోస్లొవేకియా కంపెనీ డిజైనుతో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 నుంచి తయారుచేసిన బండి. 1973 నుంచి యెజ్డీ అన్న పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్ళీ కొత్త బండ్లు వచ్చాయి గానీ, వాటి ఇంజను సామాను దీనికి పనికిరాదు. ఒక్కొక్క ముక్కా పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతుక్కోవలసిందే. అంటే ఖర్చుకు హద్దు ఉండదన్నమాట.

నా గుబులంతా అక్కడే. నేను నెలనెలా కట్టే చీటీ సంక్రాంతికి చేతికి రావాలి. పెళ్ళికి ముందు నాగర్‌కర్నూల్‌లో మగ్గం వర్క్ నేర్చుకున్నాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఫ్రేము పద్నాలుగేళ్ళుగా అటక మీదే ఉంది. చీటీ డబ్బుతో ముందుగదిలో చిన్న షాపు పెట్టుకోవాలని నా ఆశ. "చీటీ వచ్చాక ఒక నలభై వేలు సర్దుతావా?" అని ఆయన అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది. అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే అత్తమ్మ కొట్టంలో నేల మీద కూర్చుని సంచి విప్పింది. మోకాళ్ళ నొప్పులని పీట మీద కూడా కూర్చోలేని మనిషి! "ఇది కిక్కు రాడ్డు. స్టార్టయినంక గేరు కూడా దీనితోనే ఏసేది" అంటూ ఒక్కొక్క ముక్కా చీరకొంగుతో తుడుస్తోంది. రాజోలి, అయిజ మగ్గాల దగ్గరికి మామయ్య ఆ బండి మీదే వెళ్ళేవారట. ట్యాంకు మీద జరీ మూట, వెనక అత్తమ్మ. గద్వాల చీరంటే ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండిటినీ నేతలోనే కలుపుతారు. ఆ అతుకు సరిగ్గా పడిందో లేదో వేలితో తడిమి చెప్పే పని అత్తమ్మది. పెట్రోలులో ఆయిలు కొలిచి కలిపే పని కూడా ఆమెదేనట. లీటరుకు దాదాపు 40 మిల్లీలీటర్లు. పాత మందుసీసాకు గీత పెట్టుకుని పోసేదట.

ఇన్నేళ్ళూ నేను ఊడ్చి పక్కకు జరిపినది మామయ్య బండి ఒక్కటే కాదు, అత్తమ్మ వయసులో ఉన్న కాలం కూడా అని అప్పుడు తెలిసింది. అయినా నా చీటీ డబ్బు ఇవ్వబుద్ధి కాలేదు. ఈ మాట దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి చోటే మనం కరిగిపోతాం. "పోనీలే, ఆయన సరదా" అని మన ఆశను మళ్ళీ అటకెక్కిస్తాం.

ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం. నేను మూడు మాటలు చెప్పాను. ఒకటి, ప్రతి రూపాయీ నా పద్దు పుస్తకంలో ఎక్కాలి, దొంగ కొరియర్లు ఉండకూడదు. రెండు, చీటీ డబ్బు షాపుకే. బండికి ఆయన జీతంలోంచి నెలకు మూడు వేలు, దాటితే పని వచ్చే నెలకు ఆగాలి. మూడు, ఆదివారం పొద్దున ఆయన బండి దగ్గర ఉంటే, సాయంత్రం వంటా పిల్లలూ ఆయనవి, నేను ఫ్రేము దగ్గర ఉంటాను. ఆయన మూడోదాని దగ్గర కొంచెం నసిగారు. అత్తమ్మ "సరే అను" అంది.

తర్వాత నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ముందు వెతకవలసింది సామాను కాదు, ఆర్‌సీ. మాది అత్తమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున దొరికింది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు దానితో కలిశాయి. అవి కలవకపోతే ఎంత పోసి బాగుచేసినా అది రోడ్డెక్కడం కష్టమే. యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా చేయించాలంటే 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

రెండోది, ఇంజను ముందు, రంగు చివర. చాలామంది ట్యాంకు మెరిపించుకుని, డబ్బులైపోయి, ఇంజను దగ్గర ఆగిపోతారట. ఈ మాట చెప్పింది వనపర్తిలో జావాలు బాగుచేసిన ఒక పెద్దాయన. బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా ఇంజను ఆయన దగ్గరికి చేర్చాం. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి అడుగు భాగంలోంచే పైకి వెళ్ళాలి. అందుకే అక్కడి రబ్బరు సీళ్ళు గట్టిపడి గాలి పీలిస్తే బండి సరిగా నడవదు. సీళ్ళు మార్చి, సిలిండరు లేతులో రీబోరు చేయించి, కొంచెం పెద్ద సైజు పిస్టన్ వేశారు. నట్లూ బోల్టులూ కలిసిపోకుండా నా పచ్చడి సీసాలు పన్నెండు కొట్టానికి వెళ్ళాయి. వాటి మీద పేర్లు రాసింది మా పాప.

షాపు ఫిబ్రవరిలో తెరిచాను. ఇప్పటికి నలభై బ్లౌజుల దాకా కుట్టి ఇచ్చాను. బండి జూన్‌లో ఒక సాయంత్రం స్టార్టయింది. ఒక్కటే సిలిండరుకు ఆ రెండు సైలెన్సర్లలోంచీ పొగ వీధంతా కమ్మింది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. అత్తమ్మ గడపలో నిలబడి చూసి, "అప్పుడు ఇంత పొగ రాకపోయేది. ఆయిలు ఎక్కువ పోసినవ్" అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మళ్ళీ ఆమే కొలిచి పోస్తోంది.

రంగు ఇంకా వేయలేదు. ట్యాంకు మీద జరీ మూట ఒరుసుకుని రంగు పోయిన చోటును అలాగే ఉంచమంటుంది అత్తమ్మ. మా ఆయనకు కొత్తదానిలా మెరవాలని. నా ఓటు అత్తమ్మకే.

ఇంతకీ నేననేది ఏమిటంటే, మగవాళ్ళ పాత బండి మోజును పిచ్చి అని కొట్టిపారేయకండి. అందులో మన అత్తల కాలమూ ఉండవచ్చు. అలాగని నోరుమూసుకుని మన డబ్బు, మన ఆదివారాలు ధారపోయకండి. ఇంట్లో ఒకరి ఆశకు ఎంత డబ్బు, ఎంత పొద్దు పెడుతున్నామో, రెండోవారి ఆశకూ అంతే పెట్టాలి. గొడవ పడి ఒప్పించవలసి వచ్చినా సరే. ఆ మాట పద్నాలుగేళ్ళ కిందటే అడిగి ఉండవలసింది నేను.

మీ ఇంటి అటక మీద ఏముంది? ఎవరిది?