పూర్తి రేటు పెట్టి గేమ్ కొనాలా? ఒక ఆదివాసీ ఆట చెప్పిన లెక్క



తమ్ముళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఈ గేమ్ పూర్తి రేటుకి కొనొచ్చా, సేల్ వచ్చేదాకా ఆగాలా?" మామూలుగా మనం వేసేది గంటల లెక్క. ఇంత డబ్బుకి ఎన్ని గంటలు ఆడుకోవచ్చు అని. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని మనకి ఆ లెక్క తప్పు కాదు. కానీ అదొక్కటే చాలదు అంటున్నాం. ఎందుకో ఒక ఆటతో చెప్తాం.

ఆ ఆట పేరు "నెవర్ అలోన్". 2014 నవంబర్‌లో వచ్చింది. అలాస్కాలో ఉండే ఇనుపియాట్ ఆదివాసీల కథ. నునా అనే చిన్న పిల్ల, ఆమెకి తోడుగా ఒక తెల్ల నక్క. ఆగకుండా వీస్తున్న మంచు తుఫాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ పోతారు. కథ చెప్పే గొంతు వాళ్ల ఇనుపియాక్ భాషలోనే వినిపిస్తుంది. ఇంగ్లీషుకి కింద సబ్‌టైటిల్ చోటే. ఆడుతూ పోతే 24 చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. వాటిలో అక్కడి మనుషులే తమ వేట గురించి, మంచు గురించి, నమ్మకాల గురించి చెప్తారు. 2015లో దీనికి తొలి ఆట విభాగంలో బాఫ్టా అవార్డు వచ్చింది.

ఇప్పుడు రేటు సంగతి. వచ్చినప్పుడు దాదాపు 15 డాలర్లు. ఆట మాత్రం మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక్కరే ఆడితే రెండో పాత్రని కంప్యూటర్ నడుపుతుంది, అది అక్కడక్కడా విసిగిస్తుంది. గంటల లెక్కలో చూస్తే ఈ ఆట ఓడిపోయినట్టే.

కానీ ఆ డబ్బు ఎవరికి పోతుందో చూడండి. ఆంకరేజ్‌లో ఆదివాసీల కోసం పనిచేసే కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్, ఈ-లైన్ మీడియా అనే కంపెనీతో కలిసి ఈ ఆట చేయించింది. ఎప్పుడూ ప్రభుత్వ గ్రాంట్ల మీదే ఆధారపడకుండా సొంత ఆదాయం ఉండాలన్నది వాళ్ల ఆలోచన. ఈ కథని చెప్పిన పెద్దాయన రాబర్ట్ నస్రుక్ క్లీవ్‌లాండ్. ఆయన కూతురు మినీ గ్రే దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాకే కథ వాడుకున్నారు. మన కథలు, మన పాటలు బయటివాళ్లు తీసుకుపోయినప్పుడు ఎన్నిసార్లు మన పెద్దల్ని అడిగారు? కిక్రీ వాయించి గోండుల కథలు పాడే ప్రధాన్ తాతల్ని ఎవరు అడిగారు?

అలాగని ఆదివాసీ పేరు పెట్టిన ప్రతి ఆటకీ పూర్తి రేటు ఇవ్వమనడం లేదు. జాలితో కొనడం కూడా వద్దు. కొనేముందు మూడు ప్రశ్నలు చాలు. మన ఫోన్లో, కంప్యూటర్లో ఇది నడుస్తుందా? మొదటి వారం సరదా తీరాక కూడా మనతో మిగిలేది ఏమైనా ఉందా? డబ్బు ఎవరి చేతికి పోతుంది?

స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మన మెషిన్‌లో నడవకపోతే అది మంచి దారి. కానీ ఇంత చిన్న ఆటని సగం పైన ఆడేసి వాపసు ఇవ్వడం న్యాయం కాదు. ఇంకో మాట. ఫ్రీ గేమ్‌లో డైమండ్లకీ, స్కిన్‌లకీ కొంచెం కొంచెంగా పోయిన డబ్బు కూడా ఒక కాగితం మీద రాసి చూడండి. ఫ్రీ అన్నది ఎంత ఖరీదో తెలుస్తుంది.

మా అభిప్రాయం ఇది. ఫీజు, మెస్, రీచార్జ్ ముందు. అప్పు చేసి, ఇంట్లో అమ్మానాన్నల్ని అడిగి గేమ్ కొనొద్దు. పెద్ద కంపెనీల ఆటలకి సేల్ దాకా ఆగండి, వాళ్లకి పోయేదేం లేదు. ఇలాంటి ఆటకి మాత్రం రూమ్‌లో నలుగురూ తలా కొంత వేసుకుని ఒక్కటి కొనండి. ఒకే స్క్రీన్ మీద ఒకరు నునాగా, ఒకరు నక్కగా ఆడొచ్చు. మిగతా ఇద్దరూ పక్కన కూర్చుని కథ వింటారు. కథలు మనం విన్నది కూడా అట్లా కలిసి కూర్చునే కదా.

రేపు మనలో ఎవరో ఒక చెల్లి కోయలోనో, గోండిలోనో, సవరలోనో ఒక ఆట చేస్తుంది. మూడు గంటల ఆటే అవ్వొచ్చు. అప్పుడు మనమే "సేల్‌లో పెట్టాక చూద్దాంలే" అంటే ఆ చెల్లి రెండో ఆట చేస్తుందా? మన కథకి ముందు మనమే ధర కట్టాలి.

మీరేమంటారో చెప్పండి. జోహార్.