సైలెన్సరుకు నోరు పెట్టిన వీరులకు

ఈ టపా కొందరు మిత్రులకు రుచించదని తెలిసే మొదలుపెడుతున్నాను. పద్యాలూ ప్రబంధాలూ చెప్పుకునే చోట మోటారుసైకిలు గొట్టాల గొడవ ఏమిటని అడగబోయేవారికి ముందే సమాధానం చెబుతాను. వ్యాకరణానికి మన పెద్దలు పెట్టిన పేరు శబ్దశాస్త్రం. శబ్దం గురించి మాట్లాడే హక్కు ఆ శాస్త్రం నలభై ఏళ్ళు పిల్లలకు నూరిపోసినవాడికి కాక మరెవరికి ఉంటుంది?

ముందు పేరు సంగతి. సైలెన్సరు అన్నది ఇంగ్లండువారి మాట. అమెరికావారు దాన్నే మఫ్లర్ అంటారు. మనకు మఫ్లర్ అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున చెవులకు చుట్టుకునే ఉన్నిగుడ్డ. ఏ మాటైనా అర్థం ఒక్కటే, చప్పుడును అణచేది. నేడు బందరు కోనేరు సెంటరులోనూ, గుడివాడ నెహ్రూ చౌక్‌లోనూ, అవనిగడ్డ రోడ్డు మీదా సాయంత్రమయ్యేసరికి వినబడుతున్నది దీనికి సరిగ్గా విపరీతార్థం. లోపలి జల్లెడ గొట్టాన్ని పెరికి పారేసి, మిగిలిన డొల్లను బండికి బిగించి, దానినింకా సైలెన్సరు అనే పిలుస్తున్నారు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు!

దీని మీద మనవాళ్ళు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఒక పక్షం ఆ మోత యౌవనధర్మమంటుంది. రెండో పక్షం, కర్మాగారంలో పెట్టిన గొట్టాన్ని ముట్టుకున్న ప్రతివాణ్ణీ నేరస్థుడిగా చూడాలనీ, అటువంటి గొట్టాలన్నిటినీ రోడ్డురోలరు కింద వేసి తొక్కించాలనీ అంటుంది. ఈ రెండు పక్షాలూ తప్పే. రెంటికీ గొట్టం ఏం పని చేస్తుందో తెలియదు. నాకు మాత్రం ఎలా తెలిసిందంటారా? తప్పు చేసి తెలుసుకున్నాను.

నా దగ్గర 1976 నాటి యెజ్డీ బండి ఒకటి ఉంది. 1986లో గుడివాడలో పాతబండిగా కొన్నాను. దాని మీదే దివిసీమ బడులకు వెళ్ళి పాఠాలు చెప్పాను. తరువాత చాలా ఏళ్ళు అది వసారాలో గోనెపట్టా కప్పుకుని పడుకుంది. బందరు ఉప్పుగాలి ఎవరినీ వదలదు. పదవీవిరమణ చేశాక బండిని బయటకు తీస్తే రెండు సైలెన్సర్లూ అడుగున జల్లెడలై ఉన్నాయి. మైసూరులో ఆ బండ్లు చేసిన ఐడియల్ జావా కర్మాగారం 1996లోనే మూతపడింది. ఒరిజినల్ సామాను అడగడానికి తలుపు కూడా లేదు. అందుకని ఒక దుకాణంలో ‘అచ్చం కంపెనీదే’ అని చెప్పి ఇచ్చిన జంటను కొని తెచ్చి బిగించాను. చూడడానికి అద్దంలా మెరిశాయి. లోపల ఏముందో నేను చూడలేదు. ఏమీ లేదు!

ఆ రాత్రి తొమ్మిది దాటాక మా వదినగారి వీధిలోకి తిరిగాను. వీధి మొగలోనే కొంచెం జోరు పెంచిన మాట కూడా ఒప్పుకుంటాను. అరవై దాటిన మనిషికీ ఆ మోతలో ఒక మత్తు ఉంది. ఇంటి ముందు ఆగి చూద్దును గదా, ఆవిడ అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు లేదు. ‘ఏమయ్యా, ఆ హోరు నీ బండిదేనా? నేను ఇంకోటనుకున్నాను’ అన్నారు.

ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఆవిడ అక్కడే ఉన్నారు. దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిందని మనం పుస్తకాలలో చదువుతాం. మిగిలినవారికి గుర్తున్నది అంకె కాదు, చప్పుడు. చీకట్లో సముద్రం వైపు నుంచి లేచిన ఒక లోతు గొంతు హోరు. ఆ రాత్రిని దాటి వచ్చినవారు ఈ సీమలో ఇంకా ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మంచాల మీద ఉన్నారు, అరుగుల మీద ఉన్నారు. మనం సరదాకు చేసే మోత వారి ఇంటి ముందుగానే పోతుంది. ఆ రాత్రి నేను బండిని నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళాను.

మర్నాడే గుడివాడలో మెకానిక్కుగా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి దగ్గరికి పోయాను. వాడు నా దగ్గర సమాసాలు అడిగితే నీళ్ళు నమిలినవాడు. ఆ రోజు వాడు పంతులు, నేను శిష్యుణ్ణి. ‘మాస్టారూ, ఇవి సైలెన్సర్లు కావు, బాకాలు’ అన్నాడు.

వాడు చెప్పినది నా భాషలో చెబుతాను. పాత జావా, యెజ్డీ బండ్లకు సిలిండరు ఒక్కటే. కాని పొగ బయటికి పోయే ద్వారాలు రెండు. అందుకే రెండు బెండు పైపులు, రెండు సైలెన్సర్లు. ఇది అలంకారం కాదు, నిజమైన ద్వంద్వ సమాసం, ఉభయపదార్థ ప్రధానం. అమెరికాలో 1960లలో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ‘మజిల్ కార్ల’కు జంట గొట్టాలు వేసినా ఇదే న్యాయం. అక్కడ నాలుగేసి సిలిండర్ల బారులు రెండుంటాయి, బారుకొక గొట్టం. నడుమ ఒక అడ్డగొట్టం వేసి రెండింటి ఊపిరినీ కలిపి సమం చేస్తారు. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ 350కి సిలిండర్లే రెండు, గొట్టాలు రెండు. మరి మనవాళ్ళు చేస్తున్నదేమిటి? ఒకే సిలిండరు, ఒకే ద్వారం ఉన్న బుల్లెట్టుకు నడుమ చీలిక గొట్టం అతికించి రెండో సైలెన్సరు తగిలిస్తున్నారు. ఇది బహువ్రీహి, అన్యపదార్థ ప్రధానం. అర్థం బండిలో లేదు, చూసేవాడి కంట్లో ఉంది.

లోపలి జల్లెడ గొట్టం తీసేస్తే బండికి బలం వస్తుందన్నది రెండో భ్రమ. రెండు స్ట్రోకుల ఇంజనుకు కవాటాలు లేవు. పిస్టను కిందికి దిగితే ద్వారం తెరుచుకుంటుంది, కాలిన పొగతోపాటు కొత్త పెట్రోలు ఆవిరి కూడా కొంత బయటికి జారుతుంది. సైలెన్సరు శరీరం నుంచి తిరిగివచ్చే ఒత్తిడి తరంగం దాన్ని వెనక్కి నెట్టాలి. డొల్ల గొట్టంలో ఆ పని సరిగా జరగదు. పెట్రోలు కాలకుండానే గాలిలో కలుస్తుంది, బండి లాగదు, మైలేజీ పడిపోతుంది. బుల్లెట్టు వంటి నాలుగు స్ట్రోకుల బండికి కథ వేరు, ఫలితం దాదాపు ఒకటే. గొట్టం మార్చి కార్బొరేటరు సరిచేయకపోతే మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, ఆక్సిలరేటరు వదిలినప్పుడల్లా వెనుక టపాకాయలు పేలుతాయి. ఆ పేలుళ్ళను పౌరుషమనుకునేవారు నిజానికి ఇంజను దగ్గుతోందని తెలుసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 బండ్లకైతే పొగను శుద్ధిచేసే పరికరం కూడా ఆ గొట్టం దారిలోనే ఉంటుంది. గొట్టం పీకితే అదీ పోతుంది.

మృదంగం చూసినవారికి ఇది తేలికగా బోధపడాలి. కుడి మూతికి నల్లని కరణి, ఎడమ మూతికి రవ్వముద్ద. అవి చప్పుడును అడ్డుకుంటున్నాయని గీకి పారేస్తే మోత పెరుగుతుందేమో, నాదం పోతుంది. కూచిపూడి, మొవ్వ ఉన్న జిల్లాలో ఈ మాట నేను చెప్పవలసి రావడమే విచారం.

ఇక మావాడు చేసిన పని. పాత బెండు పైపు వంపును ముందు ఒక లావుపాటి ఇనుపతీగెతో అచ్చు తీశాడు. కొత్త గొట్టంలో ఏటి ఇసుక కూరి, రెండు చివరలా కర్రబిరడాలు కొట్టి, గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి వంచాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. ఆ ఇసుకను ముందుగా మూకుడులో పేలాలు వేయించినట్టు వేయించాడు. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండులా ఎగురుతుందట. రెండు వైపులా పొడవు సమానంగా ఉండాలని కొలిచి కొలిచి కోశాడు. తేడా వస్తే ఒకవైపు గొట్టం వేడెక్కదు, నూనెమసి పట్టి పూడుకుపోతుంది. జల్లెడ గొట్టానికి లెక్క చెప్పాడు: రంధ్రాల మొత్తం వైశాల్యం గొట్టం మూతి వైశాల్యానికి తగ్గకూడదు. 30 మిల్లీమీటర్ల మూతి ఉంటే 5 మిల్లీమీటర్ల రంధ్రాలు కనీసం 36 కావాలి. కాగితం మీద వేసి చూశాను, సరిగ్గా సరిపోయింది. సమాసాలు రాని కుర్రవాడికి క్షేత్రగణితం వచ్చు! మసి పట్టినప్పుడు లాగి కడుక్కోవడానికి ఆ గొట్టం వెనుక మూతతో సహా ఊడివచ్చేలా పెట్టాడు. చివరికి నికెలు పూత, దాని మీద క్రోము పూత. రోల్డుగోల్డు నగలకు పేరుపొందిన చిలకలపూడి ఉన్న ఊరివాణ్ణి, అడుగు పూత సరిగా లేకపోతే పై మెరుపు నిలవదని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బండి స్టార్టు చేసి రెండు గొట్టాల వెనుకా రెండు అరచేతులు పెట్టమన్నాడు. రెండు అరచేతులకూ ఒకే లయ, ఒకే ఒత్తిడి తగిలింది. పాతరోజుల గుంభనమైన ఆ గొంతు విని, దివిసీమ కరకట్టల మీద ప్రయాణాలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

ఇప్పుడు రోడ్డురోలరు పక్షానికి నా ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా మార్చరాదంటుంది. 190(2) సెక్షను ప్రకారం, 2019 సవరణ తరువాత, శబ్దకాలుష్యపు ప్రమాణాలు మీరినవారికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలల లైసెన్సు అనర్హత. మంచిదే, నేను ఆ చట్టానికి వ్యతిరేకిని కాను. కాని అది శిక్షించమన్నది మోతను. కొత్త గొట్టాన్ని కాదు, చేతిపనిని కాదు. చేసిన సంస్థే లేని పాతబండికి అదే ఆకారంలో, అంతే నెమ్మదిగా పలికే గొట్టం చేసినవాణ్ణీ, డొల్లలు అమ్మేవాణ్ణీ ఒకే గాట కడితే రేపు ఇసుక వేయించి గొట్టం వంచేవాడు ఉండడు, డొల్లలు అమ్మేవాడు ఉంటాడు. శబ్దాన్ని కొలిచే మీటరు అన్నదొకటి ఉంది. దానితో కొలవండి. కొలిచాక పట్టుకోవలసిన మొదటి చెయ్యి తొడిగినవాడిది కాదు, బహిరంగంగా అమ్మినవాడిది.

మోత పక్షం వాదాలు కూడా విన్నాను. ‘చప్పుడుంటే ఎదుటివాడు తప్పుకుంటాడు, ప్రమాదం తప్పుతుంది’ అంటారు. గొట్టం మూతి వెనక్కి ఉంది నాయనా, ప్రమాదం ముందునుంచి వస్తుంది. ముందువాడికి చెప్పడానికి హారను ఉంది. ‘జాతరలో డప్పులు లేవా, పెళ్ళిళ్ళలో డీజేలు లేవా?’ అంటారు. జాతరకు తిథి ఉంది, పెళ్ళికి ముహూర్తం ఉంది. నీ బండికి ఏ తిథి? 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్ అన్నాయి. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్లలో అంతకన్నా తక్కువ. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు. పది పెరిగితే శక్తి పదింతలు.

‘నీ రెండు స్ట్రోకుల బండి పొగ మాటేమిటి మాస్టారూ?’ అని ఎవరైనా అడిగితే తల వంచుకుంటాను. అది న్యాయమైన ప్రశ్న. అందుకే దాన్ని వారానికి ఒక్కసారే తీస్తాను. కొంచెం దూరం పోనిస్తాను, గొట్టంలో చేరిన తేమ ఆరాలి గదా.

కొత్త గొట్టాలు బిగించాక మొదటి ఆదివారం మళ్ళీ వదినగారి వీధికి వెళ్ళాను. ఈసారి జోరు పెంచలేదు. గుమ్మం ముందు బండి ఆపి, లోపలికి వెళ్ళి పలకరిస్తే, ‘ఎప్పుడొచ్చావయ్యా? వినపడనే లేదు’ అన్నారు. నలభై ఏళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో నాకు చాలా శాలువాలు కప్పారు. ఆ మాటకు సరితూగినది ఒక్కటీ లేదు.

అక్షింతలు వేయదలచినవారు నిరభ్యంతరంగా వేయవచ్చు. చప్పుడు చేయకుండా వేస్తే మరీ సంతోషం.