మరణపత్రం చెప్పిన అబద్ధం

2025 మార్చి 11న హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు రోడ్రిగో డుటెర్టేను మనీలా విమానాశ్రయంలోనే అరెస్టు చేసి, ఆ రాత్రే విమానమెక్కించి హేగ్‌కు పంపించారు. మాదకద్రవ్యాలపై యుద్ధం పేరుతో సాగిన హత్యలు మానవాళిపై నేరమంటూ అక్కడి అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారంటు జారీ చేసింది. దేశాన్ని ఏలిన మనిషి బోనెక్కడం చిన్న విషయం కాదు. కానీ అసలు ప్రశ్న హేగ్‌లో లేదు, మనీలాలో ఉంది. పోలీసుల చేతిలో ఆరు వేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది. హేగ్ ప్రాసిక్యూటర్ల అంచనా 12 వేల నుంచి 30 వేలు. అలాంటప్పుడు సొంత గడ్డ మీద పోలీసులకు శిక్షపడిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఎందుకున్నాయి? చావును మొదట నమోదు చేసే కాగితమే అబద్ధం చెప్పింది కాబట్టి.

2016 జూన్ 30న డుటెర్టే పదవిలోకి రాగానే మొదలైన పోలీసు కార్యక్రమం పేరు ‘టోఖాంగ్’. తలుపు తట్టడం, బతిమాలడం అనే రెండు విసాయన్ మాటల్ని అతికించిన పేరది. తలుపు తట్టినవాళ్ల నివేదికల్లో మాత్రం పదేపదే కనిపించే మాట ‘నన్‌లాబన్’, అంటే ఎదురుతిరిగాడని. ఎన్‌కౌంటర్ వార్తల్లో ‘ఆత్మరక్షణ కోసం కాల్పులు’ చదివిన తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 2017 ఆగస్టు 16 రాత్రి కలోకాన్‌లో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థి కియాన్ డెలోస్ సాంటోస్ గురించి కూడా పోలీసులు ఇదే చెప్పారు. అయితే ఆ దారిలో కెమెరా ఉంది. కుర్రాణ్ణి ఈడ్చుకెళ్లడం అందులో పడింది. 2018 నవంబరులో ముగ్గురు పోలీసులు హంతకులని కోర్టు తేల్చింది. ఆ యుద్ధంలో పోలీసులకు పడిన మొదటి శిక్ష అదే. కెమెరా లేని సందుల్లో పోలీసు రాసిందే చరిత్ర అయింది. 2021లో దేశ న్యాయశాఖే 52 కేసుల దస్త్రాలు తిరగేస్తే, కాల్పులు జరిపారన్న మృతుల్లో కొందరి చేతులకు తుపాకి మందు ఆనవాలే లేదని బయటపడింది.

కాగితాన్ని నిలదీయాల్సినవారినీ వదల్లేదు. హత్యలపై సెనేట్ విచారణ మొదలుపెట్టిన సెనేటర్ లీలా డి లిమా 2017 ఫిబ్రవరిలో జైలుకెళ్లి, బెయిలు దొరికేసరికి 2023 నవంబరు వచ్చింది. ఆమెపై పెట్టిన కేసులన్నీ తర్వాత వీగిపోయాయి. రాజ్యాంగమే ఏర్పాటు చేసిన మానవహక్కుల కమిషన్‌కు ఏడాది బడ్జెట్‌గా వెయ్యి పెసోలు చాలని 2017లో దిగువసభ ఓటేసింది. ఆ నిధులు తర్వాత పునరుద్ధరించారు కానీ, అందాల్సిన బెదిరింపు అందింది.

విదేశీ కోర్టుకు మా దేశంలో ఏం పని అని డుటెర్టే అభిమానులు అడుగుతున్నారు. ఆ కోర్టు ఒప్పందంలో 2011లో చేరింది ఫిలిప్పీన్సే. 2019 మార్చిలో వైదొలగినా, అంతకుముందు జరిగినవాటికి బాధ్యత పోదని 2021లో చెప్పింది ఆ దేశ సుప్రీంకోర్టే. నిందితుణ్ణి అంతర్జాతీయ కోర్టుకు అప్పగించే వీలు కల్పించిన 2009 నాటి చట్టమూ వాళ్లదే. ఇక, జనం కోరుకున్నదే ఆయన చేశాడంటారు. నిర్బంధంలో ఉండగానే 2025 మేలో దావావ్ మేయరుగా గెలిచిన మనిషికి జనాదరణ లేదని ఎవరూ అనలేరు. మాదకద్రవ్యాల వల్ల గుల్లయిన పేటల కోపమూ నిజమైనదే. కానీ ఓటు పదవినిస్తుంది. ఎవరు బతకాలో, ఎవరు చావాలో రాసుకునే జాబితాను ఇవ్వదు.

మూడో అభ్యంతరం మాత్రం నాకు బరువైనదిగా తోస్తుంది. మార్కోస్, డుటెర్టే కుటుంబాల మైత్రి చెడకపోయి ఉంటే ఈ అరెస్టు జరిగేదా? బహుశా జరిగేది కాదు. హేగ్ కోర్టుకు సహకరించబోమని డుటెర్టే తర్వాత అధ్యక్షుడైన ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ అంతకుముందు గట్టిగానే చెప్పారు. అంతమాత్రాన నేరం అబద్ధం కాదు, న్యాయం నాయకుల పొత్తుల దయ మీద నడుస్తోందని మాత్రం తేలుతుంది. మార్కోస్ జూనియర్ తండ్రి 1972లో పెట్టిన మార్షల్ లా బాధితులకు పరిహారమిచ్చే చట్టం 2013లో గానీ రాలేదు. 11,103 మందిని బాధితులుగా గుర్తించేసరికి ఎందరో ముసలివాళ్లయ్యారు. ఈసారి అంతకాలం ఆగే వీల్లేదు. పబ్లిక్ శ్మశానాల్లో పేదలు అద్దెకు తీసుకునే సమాధి అరల గడువు సాధారణంగా అయిదేళ్లు. అది దాటితే ఎముకలు తీసేస్తారు. ఫాదర్ ఫ్లావీ విల్లనువేవా ఆ ఎముకల్ని కుటుంబాల అనుమతితో వెలికితీయిస్తే, ఫోరెన్సిక్ వైద్యురాలు రాకెల్ ఫోర్టున్ పరీక్షించారు. పుర్రెల్లో తూటా రంధ్రాలున్న కొందరి మరణపత్రాల్లో సహజ కారణాలు రాసి ఉన్నాయి. 2016 డిసెంబరులో తూటా తగిలి చనిపోయిన తొమ్మిదేళ్ల పిల్లవాడి పత్రంలో బ్రాంకోన్యుమోనియా అని ఉంది. ఆ మాట మార్పించడానికి తండ్రి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. చివరికి అప్పీళ్ల కోర్టు దిద్దమని ఆదేశించింది. మిగతా పత్రాలు దిద్దడానికి హేగ్ తీర్పు దాకా ఆగనక్కర్లేదు. మనీలా ప్రభుత్వం తన ఖర్చుతో స్వతంత్ర శవపరీక్షలు చేయించి, పోలీసు దస్త్రాలు కుటుంబాల చేతికివ్వాలి, మిగిలిన అరల గడువు తీరేలోపే.